గ్వాటెమాలా: టికాల్, కిరిగ్వా, ఆంటిగ్వా ఎనిమిది రోజుల్లో కుదురుతాయా?

కృష్ణలంక
హ్యూస్టన్ నుంచి జనవరి చివర్లో ఎనిమిది రోజులు అనుకుంటున్నాం. నలుగురం, అందులో 68 ఏళ్ల పెద్దావిడ ఒకరు. గ్వాటెమాలా సిటీలో దిగి, విమానంలో ఫ్లోరెస్ వెళ్లి, మాయా శిథిల నగరం టికాల్ ఒక్క పూటలో చూసి, అదే రోజు రాత్రికి పాత రాజధాని ఆంటిగ్వా చేరాలని ప్లాన్. ఇది సరిపోతుందా? ఇంకో మాయా నగరం కిరిగ్వా దారి మీద ఎవరికైనా అవగాహన ఉంటే చెప్పండి. శాకాహారం సంగతి కూడా.

రాతిపలక
కృష్ణలంక గారూ, టికాల్‌ని ఒక్క పూటకి కుదించకండి. ఫ్లోరెస్ నుంచి దాదాపు 65 కిలోమీటర్లు, గంటన్నర. పార్కు గేటు దాటాక కూడా 17 కిలోమీటర్ల అడవి దారి ఉంది. టికెట్ గేటు దాటకముందే తీసుకోవాలి. లోపలిదాకా వెళ్లి గుర్తొస్తే మళ్లీ వెనక్కి రావాల్సిందే. విదేశీయులకు కొన్నేళ్లుగా 150 కెత్సాళ్లు, సూర్యోదయానికో సూర్యాస్తమయానికో ఉండాలంటే మరో 100. డాలరుకి ఏడున్నర నుంచి ఎనిమిది కెత్సాళ్ల మధ్య లెక్క వేసుకోండి. పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి.

పార్కు వేళలు ఉదయం 6 నుంచి సాయంత్రం 6. వాహనం ఆగే చోటు నుంచి పెద్ద చౌకు, అంటే గ్రాన్ ప్లాసా, మెల్లగా నడిస్తే అరగంట. అక్కడి నుంచి నాలుగో గుడికి (అక్కడి గుళ్లకి అంకెలే పేర్లు) మరో పావుగంట. ఈ నడకలే రోజులో సగం తినేస్తాయి. మధ్యాహ్నం పన్నెండుకి వ్యాన్‌లో దిగి మూడింటికి ఎక్కేసేవాళ్లు మొదటి గుడి ముందు ఫొటో దిగి, మిగతాదంతా వదిలేసి వస్తారు.

పెద్దావిడకి చౌకు దాకా దారి సాఫీగా ఉంటుంది, చెట్ల నీడ కూడా. నాలుగో గుడి ఎత్తు దాదాపు 65 మీటర్లు. దానికి చెక్క మెట్లు కట్టారు కానీ నిటారుగా ఉంటాయి. ఆవిడని చౌకులోనే కూర్చోబెట్టి మీరు ఎక్కి రావడం మంచిది. మొదటి గుడి ఎక్కనివ్వరు. దాని ఎదుట ఉన్న రెండో గుడికి పక్కనుంచి చెక్క మెట్లున్నాయి, ఆ ఎత్తు తక్కువ.

పొద్దుపొడుపు
వెలుతురు సంగతి కలుపుతాను. మొదటి గుడి ముఖం పడమరకి ఉంది. తొమ్మిది అంతస్తుల ఆ మెట్ల వరస మీద ఉదయం ఎండ పడదు, వెనక నుంచి వస్తుంది, ఫొటోలో నల్లటి దిమ్మలా కనిపిస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక రాయి రంగు తేలుతుంది. రెండో గుడి దీనికి ఎదురు, తూర్పు ముఖం, కనుక దానికి ఉదయం. అంటే పొద్దున రెండో గుడి, సాయంత్రం మొదటి గుడి.

సూర్యోదయం టికెట్ మీద ఆశలు పెట్టుకునేముందు ఒక మాట. నాలుగో గుడి మీద నుంచి తూర్పుకి చూస్తే అడవి కప్పు మీద మూడు గుళ్ల శిఖరాలు తేలతాయి. కానీ జనవరిలో ఉత్తరం నుంచి చలిగాలులు దిగి, తెల్లారేటప్పుడు మంచు పట్టేస్తుంది. చాలా రోజులు సూర్యుడు కనపడడు, తెల్లటి పొగలోంచి హౌలర్ కోతుల గర్జన మాత్రం వినిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని పులి అనుకుంటారు. ఆ శబ్దం కోసమైనా వెళ్లొచ్చంటాను. సూర్యుడే కావాలంటే మాత్రం సాయంత్రమే నమ్మకం. రాత్రి పార్కు లోపలి హోటళ్లలో ఒకదానిలో ఉంటే రెండూ దొరుకుతాయి. అక్కడ కరెంటు రోజంతా ఉంటుందని లెక్కేయకండి, ఫోను ముందే చార్జి చేసుకోండి.

తోటబడి
టికాల్‌లో మన కళ్లకి తెలిసినదొకటి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. గుళ్ల గుమ్మాల పైదూలాలు రాతివి కావు, సపోటా చెక్కవి. మన పెరళ్లలో కాసే సపోటా పుట్టిల్లు ఈ ప్రాంతమే. ఆ చెక్క ఇనుములా గట్టిది, చెద పట్టదు, పన్నెండు వందల ఏళ్లు ఆ తేమలో నిలిచింది. నాలుగో గుడి దూలాల్లో శిల్పం చెక్కినవి 1877లో గుస్తావ్ బెర్నూలీ తీయించాడు, ఇప్పుడవి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ మ్యూజియంలో ఉన్నాయి.

దారి పక్క సపోటా మానుల మీద కత్తిగాట్లు చూడండి. ఒకదాని కింద ఒకటి, వంకర వంకరగా, కొమ్మల దాకా. పాలు కారి కింద సంచిలోకి చేరేలా కోసినవి. ఆ పాలు కాచి చిక్లే చేసేవాళ్లు, చూయింగ్ గమ్ దాంతోనే మొదలైంది. ఇక గేటు దగ్గర వేర్లు పలకల్లా పరుచుకున్న మహావృక్షం సేయిబా. అది మన తెల్ల బూరుగే. గ్వాటెమాలా జాతీయ వృక్షం, 5 సెంటావోల నాణెం మీద బొమ్మ.

కృష్ణలంక
చాలా ఉపయోగం. టికాల్‌లో ఒక రాత్రి ఖాయం. చౌకులో నిలబెట్టిన రాళ్ల మీద తేదీలుంటాయంటారు కదా, మామూలు మనిషి చదవగలడా?

రాతిపలక
తేదీ వరకూ చదవొచ్చు. చుక్క అంటే ఒకటి, అడ్డగీత అంటే ఐదు, గవ్వలాంటిది సున్నా. మొదట రెండు వరసల వెడల్పున పెద్ద అక్షరం, దాని కింద రెండేసి నిలువు వరసలు, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి. రోజుల లెక్క ఇలా: 20 రోజులు ఒక వినాల్, 18 వినాళ్లు ఒక తున్ అంటే 360 రోజులు, 20 తున్‌లు ఒక కతున్ అంటే 7,200 రోజులు, 20 కతున్‌లు ఒక బక్తున్ అంటే 1,44,000 రోజులు. కొన్ని రాళ్ల మీద అంకెల బదులు తలకాయల బొమ్మలుంటాయి, అవి అలవాటు లేనివాళ్లకి కష్టం. చుక్కలూ గీతలూ ఉన్నవాటితో మొదలుపెట్టండి.

గేటు నుంచి చౌకుకి వెళ్లే దారిలోనే జంట పిరమిడ్ల ఆవరణ, దాన్ని కాంప్లెక్స్ క్యూ అంటారు. చౌకు చూడాలన్న తొందరలో జనం దాన్ని దాటేస్తారు. ఉత్తరాన పైకప్పు లేని చిన్న గదిలో 22వ శిలాఫలకం ఉంది. దాని తేదీ 9.17.0.0.0. తొమ్మిది బక్తున్‌లు 12,96,000 రోజులు, పదిహేడు కతున్‌లు 1,22,400. మొత్తం 14,18,400 రోజులు. వాళ్ల లెక్క క్రీస్తుపూర్వం 3114లో మొదలవుతుంది కనుక ఇది మన 771 జనవరి.

ఇప్పుడు అసలు సంగతి. కిరిగ్వాలో ఆకాశాన్ని తాకేలా నిలిచిన ఇ-శిలాఫలకం మీదా ఇదే తేదీ. ఒకే రోజుకి రెండు నగరాలు, రెండు రాళ్లు. రెండూ చూస్తేనే ఆ కతున్ ముగింపు పండుగ ఎంత దూరం వ్యాపించిందో తెలుస్తుంది. అందుకే కిరిగ్వాని ప్లాన్‌లోంచి తీసేయొద్దని నా మాట.

పంచాంగం
మన పంచాంగకర్తల అహర్గణం కూడా ఇలాగే, కలియుగాది అంటే క్రీస్తుపూర్వం 3102 నుంచి రోజుల లెక్క. కేవలం పన్నెండేళ్ల తేడా!

రాతిపలక
పోలిక చెప్పడానికి బాగుంటుంది, పంచాంగం గారూ, ఆలోచన అర్థం కావడానికి మనవాళ్లకి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. కానీ సంబంధం అంటగట్టకండి. రెండూ వేర్వేరుగా వెనక్కి లెక్కగట్టిన ఆరంభాలు. మాయా లెక్క 20తో నడుస్తుంది, మనది పదితో. గైడ్లతో ఈ మాట తెస్తే అరగంట అక్కడే పోతుంది.

రహదారి9
కిరిగ్వా దారి: గ్వాటెమాలా సిటీ నుంచి అట్లాంటిక్ రోడ్డు, సిఏ-9. దూరం 200 కిలోమీటర్ల చిల్లరే, కానీ ప్వెర్తో బార్రియోస్ రేవుకి పోయే కంటైనర్ లారీల వెనక చిక్కుకుంటే నాలుగైదు గంటలు. ఉదయం ఐదున్నరకల్లా ఊరు దాటితేనే సుఖం. మెయిన్ రోడ్డు మీద దిగాక అరటితోటల మధ్య మూడు నాలుగు కిలోమీటర్లు. బస్సులో వచ్చేవాళ్లకి అక్కడ ఆటోలుంటాయి, తుక్‌తుక్ అంటారు. చాలావరకు మన బజాజ్‌లే.

కిరిగ్వాలో పిరమిడ్ ఎక్కడాలేమీ లేవు. చదునైన పచ్చిక మైదానం, దాని మీద గడ్డికప్పు పందిళ్ల కింద రాళ్లు. పెద్దావిడకి టికాల్ కంటే ఇదే తేలిక. వర్షం పడితే మాత్రం పచ్చిక చిత్తడి, చెప్పులు కాదు బూట్లు వేయించండి. కరిబియన్ వైపు జనవరిలోనూ జల్లులుంటాయి.

ఇ-శిలాఫలకం మొత్తం పొడవు 10.6 మీటర్లు, అందులో సుమారు మూడు మీటర్లు నేలలో. బరువు 60 టన్నులకి అటూఇటూ. మాయా ప్రపంచంలో ఇంతకంటే పెద్ద నిలువురాయి లేదు. 1917లో పడిపోయింది. 1934లో ఉక్కు తాళ్లు కట్టి లేపబోతే తాళ్లు తెగి, రాయి రెండు ముక్కలైంది. తర్వాత కాంక్రీటుతో అతికారు. ఆ అతుకు వెతకండి, దగ్గర్నించి పట్టి చూస్తే తెలుస్తుంది. డి-శిలాఫలకం మీద ఇంకో వింత: అంకెలూ కాలమానాలూ పూర్తి మనుషుల్లా, జంతువుల్లా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. రాయి ఇసుకరాయి, అందుకే అంత సన్నగా చెక్కగలిగారు.

ఈ రాళ్లన్నీ ఎందుకు అంత పెద్దవంటే, 738లో కిరిగ్వా రాజు తన పైనున్న కొపాన్ రాజుని పట్టుకుని చంపాడు. చిన్న ఊరు పెద్ద ఊరిని ఓడించిన గర్వం అది. కొపాన్ ఇప్పుడు హోండురాస్‌లో, ఎల్ ఫ్లోరిదో సరిహద్దు నుంచి 12 కిలోమీటర్లే. మీ ఎనిమిది రోజుల్లో దాన్ని కలపకండి.

మీ ప్లాన్‌ని ఇలా తిప్పండి: వెళ్లేటప్పుడు రోడ్డు మీద కిరిగ్వా, రాత్రి రియో దుల్సేలో, మర్నాడు పొద్దున సాన్ ఫెలిపే కోట చూసి నాలుగైదు గంటల్లో ఫ్లోరెస్. తిరిగి విమానం. అప్పుడు వచ్చిన దారినే మళ్లీ రానక్కర్లేదు. ఫ్లోరెస్ ఉన్న దీవి మీదే నోహ్‌పెతెన్ ఉండేది, స్పానిష్ సైన్యానికి 1697 దాకా లొంగని ఇత్సా రాజ్యపు రాజధాని.

ముగ్గుపిండి
ఆంటిగ్వాకి రెండు రాత్రులు. విమానాశ్రయం నుంచి 40 కిలోమీటర్లే కానీ సాయంత్రం ట్రాఫిక్‌లో రెండు గంటలు. 1773 జులై భూకంపం తర్వాత రాజధానిని 1776లో ఇప్పటి సిటీకి మార్చారు. కూలిన చర్చిలని అలాగే వదిలేశారు, ఆ ఊరి అందం అదే. పసుపు రంగు సాంతా కతలీనా వంపు దగ్గర ఉదయం ఏడుకల్లా ఉండండి, తొమ్మిదయితే ఫొటోకి సందుండదు. సన్యాసినులు వీధి దాటేటప్పుడు బయటివాళ్లకి కనపడకుండా దాని లోపలి నుంచి నడిచేవాళ్లు. కాపుచినాస్ మఠంలో 18 గదుల గుండ్రటి బురుజు తప్పక చూడండి. రోడ్లన్నీ గుండ్రాళ్ల పరుపు, చక్రాల సూట్‌కేసు లాగితే చక్రం విరుగుతుంది.

పవిత్రవారంలో, అంటే ఈస్టర్ ముందు వారంలో, వెళ్లగలిగితే రంపపుపొట్టు తివాచీలు చూడొచ్చు. మన సంక్రాంతి ముగ్గుకి దగ్గరగా ఉంటుంది పద్ధతి. ముందు ఇసుక పరిచి చదును చేస్తారు, అచ్చు పలక పెట్టి రంగు పొట్టు జల్లెడతో చల్లుతారు, గాలికి లేవకుండా పైన నీళ్లు చిలకరిస్తారు. రాత్రంతా వేసినది పల్లకీ మోసేవాళ్ల అడుగుల కింద నిమిషాల్లో చెరిగిపోతుంది. అప్పుడు గది ఆరు నెలల ముందే పట్టుకోవాలి.

పొద్దుపొడుపు
ఆంటిగ్వా దగ్గరి అగ్నిపర్వతం అకాతెనాంగో ఎక్కే ఆలోచన ఉంటే: 3,976 మీటర్లు. లా సొలెదాద్ దగ్గర సుమారు 2,400 మీటర్ల ఎత్తున మొదలు, గుడారాలు 3,600 దగ్గర. ఐదు గంటల ఎక్కుడు, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు. జనవరి రాత్రి సున్నాకి దిగువ. ఆంటిగ్వాలో దిగిన మర్నాడే ఎక్కితే తలనొప్పీ వాంతులూ వస్తాయి. 1,500 మీటర్ల ఊళ్లో రెండు మూడు రోజులుండి ఎక్కండి. ఎదుటి అగ్నిపర్వతం ఫుయెగో నిప్పు చిమ్ముతుందా లేదా అన్నది ఎవరూ హామీ ఇవ్వలేరు, వారాల తరబడి ఊరుకుంటుంది కూడా. అగ్నిపర్వతాల్ని గమనించే ప్రభుత్వ సంస్థ ఇన్సివూమే ఇచ్చే బులెటిన్ చూసి నిర్ణయించుకోండి. 2018 జూన్ 3న అదే కొండ ఊళ్లని కప్పేసింది, మూసేశామంటే వాదించకండి.

రహదారి9
ఆతిత్లాన్ సరస్సుకి వెళ్తే పడవ ప్రయాణం మధ్యాహ్నం లోపు ముగించండి. తర్వాత షొకోమిల్ గాలి లేస్తుంది, చిన్న లాంచా ఎగిరెగిరి పడుతుంది, ముందు వరసలో కూర్చున్నవాళ్ల నడుము పోతుంది. పెద్దావిడని వెనక కూర్చోబెట్టండి. చిచికాస్తెనాంగో సంత గురువారం, ఆదివారం మాత్రమే.

తోటబడి
తిండి: మొక్కజొన్న రొట్టెలు, నల్ల చిక్కుడు గింజలు, అవకాడో, గుడ్డు ప్రతి ఊళ్లో దొరుకుతాయి. మొక్కజొన్నల్ని సున్నపునీళ్లలో ఉడకబెట్టి రుబ్బుతారు, అందుకే ఆ రొట్టెకి ఒక మట్టివాసన. చిక్కు ఎక్కడంటే, చిక్కుడు ముద్దలోనూ తమాలెస్‌లోనూ పందికొవ్వు కలుపుతారు. ‘సిన్ కార్నే’ అంటే మాంసం ముక్కలు తీసేస్తారు, కొవ్వు తీయరు. ‘సిన్ మాంతేకా’ అని విడిగా అడగాలి. అన్నం చాలాచోట్ల కోడి పులుసులో వండుతారు, అదీ అడగండి.

రాతిపలక
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు చూసుకోండి. గడువు తీరిన స్టాంపుతో ఐ-94 (అమెరికా ప్రవేశ రికార్డు) చూపించి తిరిగొచ్చే 30 రోజుల వెసులుబాటు పక్కదేశాలైన కెనడా, మెక్సికోలకే. గ్వాటెమాలాకి అది వర్తించదు, తిరుగు విమానం ఎక్కనివ్వరు. భారత పాస్‌పోర్టుకి ప్రవేశ నియమాలు టికెట్ కొనేముందే కాన్సులేట్‌లో అడగండి. లోపలికి వచ్చాక గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్, నికరాగువా నాలుగింటికీ కలిపి 90 రోజులే.

కృష్ణలంక
స్టాంపు గడువు ఉంది. దారి మార్చేశాం: కిరిగ్వా, రియో దుల్సే, ఫ్లోరెస్, టికాల్‌లో ఒక రాత్రి, తిరిగి విమానంలో ఆంటిగ్వా. సరస్సు వదిలేస్తున్నాం. చిల్లర ఎంత ఉంచుకోవాలి?

రహదారి9
ఆటోలకీ బాత్‌రూమ్‌లకీ రోజుకి యాభై కెత్సాళ్ల చిన్న నోట్లు చాలు, వంద నోటుకి పల్లెల్లో చిల్లర దొరకదు. 10 సెంటావోల నాణేలు వస్తే పారేయకండి. దాని మీదున్నది కిరిగ్వా రాయే. పందిరి కింద నిలబడి పోల్చి చూసుకోవచ్చు.