సకినాలు: చుట్టేటప్పుడు తీగ తెగుతోంది, నూనెలో పేలుతున్నాయి. పిండిలో లోపమా, ఆరబెట్టడంలోనా?

పిండివంట_ఎడిసన్:
సంక్రాంతికి సకినాలు చేయాలి. ఉండేది న్యూజెర్సీలో. పిండి పట్టించే గిర్ని లేదు, కొత్త బియ్యం దొరకవు. ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఇది: ప్యాకెట్ బియ్యప్పిండి కిలో, తెల్ల నువ్వులు పావుకిలో, వాము రెండు చెంచాలు, సరిపడా ఉప్పు. వేడినీళ్లతో కలిపి, పాత నూలు దుప్పటి మీద చుట్టి, గంటన్నర ఆరనిచ్చి నూనెలో వేస్తున్నాను.

చుట్టేటప్పుడే తీగ పగిలి తెగుతోంది. బట్ట మీంచి తీస్తుంటే సగం ముక్కలవుతున్నాయి. నూనెలో వేశాక కొన్ని టప్పున పేలి నూనె చిమ్ముతున్నాయి, పక్కన నిలబడాలంటే భయం. పేలకుండా వేగినవి మర్నాటికి పంటికి లొంగడం లేదు. వెన్నో, కాగిన నూనో కలపమని కొందరంటున్నారు. కలపొచ్చా? తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

హన్మకొండ_వంటిల్లు:
మీ నాలుగు ఇబ్బందుల్లో మూడు ప్యాకెట్ పిండి దగ్గరే మొదలయ్యాయండి. సకినాలకు కావాల్సింది తడిపిండి. నానిన బియ్యపు గింజ మెత్తబడి ఉంటుంది కాబట్టి మరలో సన్నగా నలుగుతుంది, ప్రతి రేణువులోనూ నీళ్లు ఉంటాయి. పొడి బియ్యం పట్టిన పిండిలో ఎన్ని నీళ్లు పోసినా చాలావరకు రేణువుల మధ్యే నిలుస్తాయి. ముద్ద చేతికి మెత్తగానే తగులుతుంది, తీగ తీయబోతే మాత్రం పగుళ్లిస్తుంది.

కిలో బియ్యం నాలుగుసార్లు కడిగి రాత్రంతా నానబెట్టండి. పొద్దున గంపలోనో చిల్లుల గిన్నెలోనో ఓ అరగంట వడకట్టి, నూలు బట్ట మీద పరవండి. ఎండలో వద్దు, ఫ్యాను కింద వద్దు. గింజను వేళ్లతో పట్టుకుంటే చల్లగా తగలాలి, చేతికి నీరు అంటకూడదు. అదే సమయం. ఇంకో అరగంట ఆగితే పైన ఆరిపోయి లాభం ఉండదు.

మిక్సీలో ఒక్కో విడతకు గ్లాసు బియ్యమే వేయండి. జార్ వేడెక్కితే పిండిలో తడి ఎగిరిపోతుంది, అందుకే ఆపి ఆపి తిప్పాలి. సన్న జల్లెడ పట్టి, పైన మిగిలిన నూకను మళ్లీ ఆడించండి. రెండోసారి కూడా నలగని నూకను ఉప్మాకో జావకో పెట్టుకోండి గానీ "ఇంతేగా" అని పిండిలో కలపొద్దు. తీగ తెగేది సరిగ్గా ఆ నూక ఉన్నచోటే. జల్లించిన పిండిని జల్లించినట్టే గిన్నెలో అదిమి, పైన తడిబట్ట కప్పండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అట్లా ఉంటే పిండి కుదిరినట్టు.

కొలత కిలో బియ్యానికి నువ్వులు 200 గ్రాములు, వాము రెండు టీస్పూన్లు అరచేతిలో నలిపి, ఉప్పు 20 గ్రాములు. ఉప్పును కలిపే నీళ్లలో కరిగించి పోస్తే అంతటా సమంగా పడుతుంది. మీరు వేసే పావుకిలో నువ్వులు రుచికి బాగుంటాయి, కానీ చెయ్యి తిరగని దశలో నువ్వులు ఎక్కువైన కొద్దీ తీగ తెగుతుంది. నువ్వులు కడిగి వేస్తే నీళ్లు పూర్తిగా ఓడ్చాకే వేయండి.

నీళ్లు చల్లవే పోయాలి. వేడినీళ్లకు పైపిండి ఉడికి జిగురొస్తుంది. తీగ సాగుతుంది, నిజమే. వేగాక మాత్రం గట్టిపడుతుంది. నాలుగు గ్లాసుల తడిపిండికి గ్లాసు నుంచి గ్లాసున్నర వరకు పడుతుంది, పిండిలో మిగిలిన తడిని బట్టి. చపాతీ పిండి కంటే బాగా మెత్తగా ఉండాలి. ఉన్న పిండంతా ఒకేసారి కలపొద్దు. అరగంటలో చుట్టగలిగినంతే కలిపి, అరచేతి మడమతో ఐదు నిమిషాలు గట్టిగా పిసకండి.

మానేరు_ఒడ్డు:
పిండి సంగతి అక్క మంచిగ చెప్పింది. పేలుడు గురించి నేను చెప్తా.

సకినం పేలేది లోపల తడి, పైన పొర ఎండినప్పుడు. నూనెల వెయ్యంగనే లోపలి నీళ్లు ఆవిరైతయి, పైన బిగుసుకపోయింది కాబట్టి పోనీకి తొవ్వ దొరకదు, పగలగొట్టుకొని వస్తది. మీరు గంటన్నర ఆరబెడుతున్నరు. సంక్రాంతికి మా దిక్కు చలి ఉంటది, అయినా అరగంట, మహా అయితే ముప్పావుగంట చాలు. మీ దగ్గర జనవరిల ఇంట్లో హీటర్ నడుస్తది, గాలి పొడిగ ఉంటది. అక్కడ ఇరవై నిమిషాలకే చూసుకోవాలె. హీటర్ గాలి తగిలే జాగల బట్ట పరవద్దు. చుట్టినప్పుడు సకినం తడికి మెరుస్తది. ఆ మెరుపు పోయి తెల్లగ అయితే చాలు, తియ్యొచ్చు. అంచులకు సన్నటి పగుళ్లు కనబడ్డయంటే ఆలస్యమైనట్టే.

రెండోది, తీగ లావు. పెన్సిల్ కన్నా లావు ఉండొద్దు. లావు తీగ పైన వేగి లోపల పచ్చిగ ఉంటది, పేలేది ఎక్కువ అదే. మూడోది, పిసుకుడు తక్కువైతే లోపల గాలి బుడగలు మిగులుతయి, అవి గూడ పేలుతయి.

చుట్టేటప్పుడు పిండి ముద్ద చేతిల పట్టుకొని, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మధ్య మెలిపెట్టుకుంట బట్ట మీదికి వదలాలె. ముందు మెలి, తర్వాత వదులుడు. తీగ మొత్తం చేసుకొని తర్వాత బట్ట మీద తిప్పుదమంటే తెగుతది. నడుమ వేలు పట్టేంత సందు వదిలి, మూడు నాలుగు చుట్లు తిప్పాలె. చుట్టుకు చుట్టు ఆనుకొని ఉండాలె, లేకపోతే తీసేటప్పుడు విడిపోతయి. చివర కొసను పక్క చుట్టుకు నొక్కి అతికెయ్యాలె. మొదలు పెట్టేటప్పుడు కొంచెం పిండితోని గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, అటెనుక చుట్టుడు మా ఇండ్లల్ల ఆనవాయితీ.

తీసేటప్పుడు గోరుతోని పైకి లేపద్దు. బట్టను కింద నుంచి అరచేత్తోని కొంచెం లేపితే సకినం దానంతట అదే విడుస్తది, కింద పళ్లెం జరపాలె. గంజి పెట్టిన బట్ట, పాలిస్టర్ కలిసిన బట్ట పనికిరావు, తడి గుంజవు.

జల్లెడ:
ఒక్క మాట అదనం. "కొత్త బియ్యం లేకపోతే సకినాలు రావు" అనుకోకండి. వానకాలం వడ్లు నవంబర్, డిసెంబర్‌లలో ఇంటికి వస్తాయి కాబట్టి సంక్రాంతికి ఊళ్లో అందరి దగ్గరా కొత్తవే ఉండేవి, అలవాటు అలా కుదిరింది. కొత్త బియ్యానికి జిగురు ఎక్కువ, తీగ సులువుగా సాగుతుంది. స్టోర్‌లో దొరికే సోనామసూరి సాధారణంగా పాతబడినదే. దానికి ఇంకో రెండు మూడు గంటలు ఎక్కువ నానబెట్టండి, కలిపేటప్పుడు నీళ్లు కూడా కాస్త ఎక్కువ లాగుతుంది. ఇంకా జిగురు కావాలంటే కిలోలో పావువంతు జాస్మిన్ బియ్యం కలిపి నానబెట్టండి. సగానికి పోవద్దు, సకినం కరకరలాడకుండా సాగుతుంది. బాస్మతి అసలే వద్దు.

వెన్న, కాగిన నూనె చెక్కలకూ మురుకులకూ మంచిది, సకినాలకు కాదు. కొవ్వు కలిస్తే పిండికి పట్టు పోయి మెలి నిలవదు. మీ తీగ ఇప్పటికే తెగుతోంది కదా, ఇంకా తెగుతుంది. సకినం గుల్లగా రావడానికి తడిపిండి, సన్నటి తీగ చాలు.

పిండివంట_ఎడిసన్:
అందరికీ ధన్యవాదాలండి. రెండు సందేహాలు. మిక్సీలో ఇంత పిండి ఒక్కరోజులో కాదు, ముందురోజు పట్టి ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? ఇంట్లో ఇప్పటికే రెండు కిలోల ప్యాకెట్ పిండి ఉంది, దాన్ని ఏ విధంగానైనా వాడొచ్చా?

హన్మకొండ_వంటిల్లు:
పెట్టొచ్చు. గాలి చొరకుండా కవర్‌లో అదిమి కడితే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఆగుతుంది, ఫ్రీజర్‌లో ఇంకా ఎక్కువ. తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా కవర్ విప్పకండి, మళ్లీ ఓసారి జల్లించి అప్పుడు కలపండి. కలిపిన ముద్దను మాత్రం దాచొద్దు. పులుస్తుంది, నువ్వులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి.

ప్యాకెట్ పిండి ఒక్కదానితో సకినాలకు నేను ఒప్పుకోను. పారేయడం ఇష్టం లేకపోతే దాని మీద నీళ్లు చిలకరిస్తూ వేళ్లతో నలిపి, పిడికిట్లో ముద్దయ్యేంత తడి పట్టించి, మూతపెట్టి రాత్రంతా ఉంచి, పొద్దున జల్లించండి. దాన్ని మూడొంతుల తడిపిండికి ఒక వంతు కలపొచ్చు. మిగతాది చెక్కలకు వాడుకోండి.

మానేరు_ఒడ్డు:
కాల్చుడు ఎవ్వరు చెప్పలే. పల్లినూనె మూకుట్ల సగానికే పొయ్యాలె, పేలినా చిమ్మినా పొంగదు. చిటికెడు పిండి వేస్తే ఒక్క క్షణం ఆగి పైకి రావాలె. వెయ్యంగనే తేలితే నూనె మరీ కాగినట్టు, పైపొర దబ్బున బిగుస్తది, అప్పుడు గూడ పేలుతది. మొదలు ఒక్కటి వేసి చూడుండ్రి. అది పేలితే మిగిలినవి ఇంకా తడిగ ఉన్నయా, ఎక్కువ ఎండినయా చూసుకోవాలె. తడిగ ఉంటే పది నిమిషాలు ఆగాలె. ఎండితే ఆ బట్ట మీదివి తీసి, కొంచెం నీళ్లు చల్లి, మళ్ల పిసికి చుట్టాలె.

మూకుడుకు మూడు నాలుగే. వేసిన వెంటనే గంటె పెట్టద్దు, విరుగుతయి. గట్టిపడినంక ఒక్కసారి తిప్పాలె. నురగ తగ్గి చప్పుడు సన్నగయితే వేగినట్టే. రంగు తెల్లగనే ఉండి, అంచులకు కొంచెం పసుపు ఛాయ రావాలె. ఎర్రగ అయ్యేదాక ఉంచితే చేదు, ముందే తీస్తే మర్నాటికి మెత్తబడతయి. నడుమ సందుల సన్నటి ఇనుప పుల్ల పెట్టి ఎత్తి, గంపల నిలువుగ పేర్చితే నూనె కారిపోతది. పూర్తిగ చల్లారినంకనే డబ్బాల పెట్టాలె, వెచ్చగ మూత పెడితే లోపల చెమ్మ పడుతది.

జల్లెడ:
పిల్లల కోసం కారం సకినాలు కూడా చేస్తుంటే, పచ్చిమిర్చి, అల్లం ముద్దను గుడ్డలో వేసి పిండి, వచ్చిన రసం మాత్రమే కలపండి, ఆ మేరకు నీళ్లు తగ్గించండి. తొక్కలు, పీచు ఉంటే తీగ అక్కడే తెగుతుంది. ఇవి మామూలువాటంత నిలవ ఉండవు, వారంలో తినేయాలి. వేరే డబ్బాలో పెట్టండి.