రెండింటికి ఎక్కితే నాలుగున్నరకే శాన్‌ఫ్రాన్సిస్కోనా?

ప్రశ్న (అనంతపురం):
జనవరిలో రమ్మని మా అబ్బాయి మా ఇద్దరికీ బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు, మధ్యలో ఎక్కడా ఆగని విమానానికి టికెట్లు తీశాడు. మధ్యాహ్నం 2 గంటలకు బయలుదేరి అదే రోజు సాయంత్రం 4.30కు దిగుతామని అందులో ఉంది. పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటి దేవనహళ్ళి విమానాశ్రయం చేరడానికే కారులో అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది కదా! తిరుగు ప్రయాణంలో మాత్రం రాత్రి 9కి ఎక్కితే మూడో రోజు తెల్లవారుజామున 4కు చేరతామని రాశారు. అసలు దూరమెంత, గాలిలో ఉండేది ఎన్ని గంటలు? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (కర్నూలు):
టికెట్టులో తప్పేమీ లేదండీ. బయలుదేరే వేళ బెంగళూరు గడియారానిది, దిగే వేళ అక్కడి గడియారానిది. చలికాలంలో మన సమయం వారికంటే 13.30 గంటలు ముందుంటుంది. మార్చిలో వారు గడియారాన్ని గంట ముందుకు జరుపుకున్నాక ఆ తేడా 12.30 గంటలవుతుంది. కనుక మీ రెండున్నర గంటలకు పదమూడున్నర కలిపితే పోయేటప్పటి ప్రయాణం 16 గంటలు. తిరుగు ప్రయాణంలో 31 గంటలు గడిచినట్టు కనిపిస్తాయి, వాటిలోంచి అదే పదమూడున్నర తీసేస్తే మిగిలేవి పదిహేడున్నర.

రెండు ఊళ్ళ మధ్య అతి దగ్గరి దారి సుమారు 14,000 కిలోమీటర్లు. గోడమీది పటంలో చూస్తే ఆ దారి అర్థం కాదు. గ్లోబు మీద ఒక దారాన్ని రెండు ఊళ్ళకూ ఆనించి బిగించి లాగి చూడండి, అది ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ సర్వీసు మొదలుపెట్టినప్పుడు మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ధ్రువం మీదుగానే బెంగళూరు చేర్చారు.

జవాబు (కడప):
పై వివరణకు ఒక్క మాట చేర్చాలి. పోయేటప్పుడు చాలాసార్లు ధ్రువం వైపు కాకుండా చైనా, పసిఫిక్ మీదుగా నడుపుతారు. దూరం పెరిగినా, అంత ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి వెనుక నుంచి తోస్తుంది కనుక సమయం కలిసివస్తుంది. వచ్చేటప్పుడు ఆ గాలికి ఎదురు రావాలి, గంటన్నర తేడా అక్కడిదే.

మేము దుబాయి మీదుగా వెళ్ళాము. దుబాయికి సుమారు 2,700, అక్కడి నుంచి 13,000 కిలోమీటర్లు. చుట్టుదారి పెద్దదేమీ కాదు గానీ, మధ్యలో ఐదు గంటలు కుర్చీల్లో కూర్చోవలసి వచ్చింది. అయినా మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మకు ఆ విరామమే మేలనిపించింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మనవరాలి గ్లోబు మీద కుట్టుమిషను దారం పెట్టి చూశాను. ధ్రువం దగ్గర బిగించిన ఇనుప బిళ్ళ అంచుకు తగులుకొని దారం పక్కకు జారిపోతోంది. ఇంతకూ మా ఆవిడ చక్కెర వ్యాధి మాత్రలు ఏ గడియారం ప్రకారం వేసుకోవాలి?

జవాబు (కర్నూలు):
అది మాత్రం మీ డాక్టరుగారినే అడగండి, విమానంలో గడిచే 16 గంటలనూ టికెట్టులోని రెండు వేళలనూ ఒక కాగితం మీద రాసి చూపించండి.