రెండు నెలలుగా మాక్ టెస్టుల్లో స్కోరు కదలడం లేదు

ప్రశ్న:
విదేశాల్లో పీజీ ప్రవేశానికి రాసే జీఆర్‌ఈ పరీక్షకు నాలుగు నెలలుగా చదువుతున్నాను. క్వాంట్‌లో (లెక్కల విభాగంలో) మొదట 154 వచ్చింది, రెండు నెలలు తిరిగేసరికి 161 అయింది. అప్పటినుంచీ అక్కడే ఆగిపోయాను, చివరి అయిదు టెస్టుల్లో వచ్చినవి 160, 162, 161, 160, 161. తప్పుపోయిన ప్రతి ప్రశ్నకూ వివరణ చదువుతున్నాను. చదివినప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, తీరా టెస్టుకు కూర్చుంటే మళ్ళీ అవే తప్పులు. పరీక్ష ఆరు వారాల్లో ఉంది. వారానికి రెండు టెస్టులు రాస్తున్నాను, మూడు చేయమంటారా?

సమాధానం 1:
వద్దండి. ఒకటి రెండు పాయింట్ల తేడా ఇలాంటి పరీక్షల్లో సహజమే కనుక, మీ అయిదు స్కోర్లనూ ఒకే స్కోరుగా చూడండి. "చదివినప్పుడు అర్థమైనట్టే ఉంటుంది" అన్నారే, చిక్కంతా అక్కడే ఉంది. వివరణ మూసేసి, తెల్లకాగితం మీద ఆ లెక్కను మొదటినుంచి చేయండి. నాలుగు రోజుల తరువాత మళ్ళీ చేయండి. నేను తప్పుల కోసం ఒక నోటుపుస్తకం పెట్టి, జవాబుకు బదులు ఆ క్షణంలో ఏమనుకున్నానో రాసుకునేవాణ్ణి. "x, x² లలో ఏది పెద్దది అంటే x² అనేశాను, x విలువ ½ కావచ్చునని తోచలేదు" వంటివి. నలభై తప్పులు పోగయ్యాక చూస్తే, నాకు నిజంగా రాని పాఠాలు రెండే. మిగిలినవన్నీ సున్నా, భిన్నాలు, రుణసంఖ్యలు మరిచిపోవడమే.

సమాధానం 2:
పై సలహా మంచిదే కానీ, సమయం సంగతి కూడా చూడాలి. క్వాంట్ మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండో దానిలో 15 ప్రశ్నలకు 26 నిమిషాలు ఇస్తారు. మొదటి సెక్షన్ ఎలా రాశారన్నదాన్ని బట్టే రెండోదాని కఠినత్వం నిర్ణయమవుతుంది కాబట్టి, అక్కడ ఒకే లెక్కతో నాలుగు నిమిషాలు కుస్తీ పట్టి చివరి రెండు సులువైన ప్రశ్నలు వదిలేస్తే నష్టం అక్కడితో ఆగదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కనుక ఏదో ఒకటి గుర్తించి ముందుకు కదలండి. టెస్టులు పూర్తిగా మానకండి, పది రోజులకొకటి చాలు.

సమాధానం 3:
ఆ అయిదూ ఎవరి టెస్టులు? ఒక్కో సంస్థ స్కోరు లెక్కగట్టే పద్ధతి ఒక్కోలా ఉంటుంది. జీఆర్‌ఈ నిర్వహించే ఈటీఎస్ సంస్థ వారి పవర్‌ప్రెప్ అనే ఆన్‌లైన్ సాధన టెస్టుల్లో ఉచితమైనవి రెండే ఉంటాయి, వాటిని ఇప్పుడే ఖర్చు చేసుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. అయిదూ ఒకే ప్రైవేటు సంస్థవి. పాత టెస్టులు తెరిచి చూశాను, మూడింటిలో మొదటి సెక్షన్ చివరి ప్రశ్నకు జవాబే లేదు. ఈ వారం టెస్టు మానేసి నోటుపుస్తకం మొదలుపెడుతున్నాను.