టెనెసీ ఈస్ట్‌మన్ డేటాపై పీసీఏ: మొదటి శాంపిల్ నుంచే ఎస్‌పీఈ హద్దు దాటుతోంది

కొత్త_పరిశోధకుడు: నిన్న సాయంత్రం నుంచి దీనితోనే కుస్తీ పడుతున్నాను, ఇక దారి తోచడం లేదు. టెనెసీ ఈస్ట్‌మన్ ప్రక్రియకు (లోపాలను పట్టే పద్ధతులను పరీక్షించే అనుకరణ రసాయన ప్లాంటు) అందరూ వాడే 52 చలరాశుల డేటాతో పీసీఏ (చలరాశులను కొన్ని ప్రధానాంశాలుగా కుదించే పద్ధతి) మోడల్ కట్టి, 1వ లోపం పరీక్ష ఫైలు మీద నడిపాను. ఆ లోపం 160 శాంపిళ్ల తరువాత, అంటే 8 గంటలు గడిచాక మొదలవ్వాలి. నాకేమో ఎస్‌పీఈ (మోడల్ వివరించలేక మిగిలిపోయిన భాగం కొలత) మొదటి శాంపిల్ నుంచే హద్దుకు పైన గీత గీసినట్టు నిలబడుతోంది, టీ-స్క్వేర్ (మోడల్ లోపలి మార్పు కొలత) సున్నా దగ్గర నుంచి కదలడం లేదు. సగటు, ప్రామాణిక విచలనం శిక్షణ డేటావే వాడాను. ఒక్క ప్రధానాంశమే 90 శాతానికి పైగా వైవిధ్యాన్ని వివరిస్తోంది కాబట్టి మోడల్ బాగానే ఉన్నట్టు. హద్దు సూత్రంలో ఏమైనా మెలిక ఉందా?

వాల్వ్_మాస్టారు: అసలు ఈ డేటాకు మామూలు పీసీఏ వాడటమే నాకు నచ్చదు. కొలతలు 3 నిమిషాలకొకటి నమోదవుతుంటే, రియాక్టర్ ఫీడ్, పర్జ్ (బయటికి వదిలే) వాయువుల విశ్లేషణ 6 నిమిషాలకు, ఉత్పత్తి విశ్లేషణ 15 నిమిషాలకు ఒకసారి వస్తాయి. మధ్యలో పాత విలువే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒక శాంపిల్‌కూ తరువాతి దానికీ సంబంధం లేదనుకొని హద్దులు కడితే తప్పుడు అలారాలు రాక మానవు. కూ, స్టోరర్, జార్జాకిస్ 1995లోనే వెనకటి శాంపిళ్లను కూడా కలుపుకొనే డైనమిక్ పీసీఏను ప్రతిపాదించారు. ముందు అది చదవండి.

అవశేషం: అలారాలు ఎక్కువ రావడం వేరు, ప్రతి శాంపిల్‌కూ రావడం వేరు. ఫైలు ఎలా చదివారు?

కొత్త_పరిశోధకుడు: చదవడంలో ఏముందండీ? లోపం లేని శిక్షణ ఫైలు 52 అడ్డువరుసలు, 500 నిలువు వరుసలుగా వచ్చింది. మిగతావన్నీ 52 నిలువు వరుసలే కాబట్టి, దీన్నీ పైథాన్‌లో రీషేప్‌తో 500, 52 చేశాను.

అవశేషం: అదే కారణం. ఆ ఒక్క ఫైలు అడ్డంగా ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌పోజ్ చేయాలి, అంటే అడ్డువరుసలను నిలువు వరుసలుగా తిప్పాలి. రీషేప్ చేస్తే ఒకే చలరాశి 52 వరుస విలువలు ఒక అడ్డువరుసలో కూర్చుంటాయి, ప్రతి నిలువు వరుసలోనూ పీడనాలు, ఉష్ణోగ్రతలు, ప్రవాహాలు కలగాపులగమవుతాయి. అప్పుడు నిలువు వరుసలన్నీ ఒకదానికొకటి నకళ్లలా ఉంటాయి కాబట్టే మీకు ఒక్క ప్రధానాంశం అంత వివరిస్తోంది. నిజమైన ప్లాంటులో అలా వస్తే సంతోషించకూడదు, అనుమానించాలి. సరిచేశాక ఏడవ నిలువు వరుస సగటు చూడండి: అది రియాక్టర్ పీడనం, 2,705 కిలోపాస్కల్‌ల దగ్గర ఉండాలి.

వాల్వ్_మాస్టారు: సరే, కానీ పట్టుకోవడం కష్టమైన 3, 9, 15 లోపాల దగ్గరకు వచ్చేసరికి నా మాటే గుర్తుకొస్తుంది.

అవశేషం: వాటికి డైనమిక్ పీసీఏతోనూ పెద్దగా ఒరిగేది లేదు. 3వది డీ అనే ముడిపదార్థం ఫీడ్ ఉష్ణోగ్రతలో చిన్న మార్పు. కంట్రోలర్లు దాన్ని దాదాపుగా మింగేస్తాయి. డౌన్స్, వోగెల్ 1993లో ఈ ప్రక్రియతో పాటు వీటిని అవాంతరాలుగానే పరిచయం చేశారు. కంట్రోలర్ సర్దేసిన అవాంతరాన్ని లోపం అనడమే నాకు సబబుగా తోచదు.

వాల్వ్_మాస్టారు: 15వది కండెన్సర్ కూలింగ్ వాటర్ వాల్వ్ అంటుకుపోవడం. అంటుకుపోయిన వాల్వ్ లోపం కాక మరేమిటి? ఉత్పత్తి చెడలేదని దాన్ని మరమ్మతు చేయకుండా వదిలేస్తారా?

కొత్త_పరిశోధకుడు: ట్రాన్స్‌పోజ్‌తో సరిపోయింది, 160 దాటిన కాసేపటికి ఎస్‌పీఈ లేస్తోంది. ధన్యవాదాలు.

అవశేషం: మాస్టారూ, 15 సంగతి ఒప్పుకుంటాను. 3 సంగతి చెప్పండి.