రైజ్, రెయిజ్, లై, లెయ్: ఎక్కడ ఏది?

నెల్లూరు అబ్బాయి:
కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్సెస్సీ సీజీఎల్‌కి ప్రిపేర్ అవుతున్నాను. వాక్యంలో తప్పు పట్టే స్పాటింగ్ ఎర్రర్స్‌లో ఈ జంటలు కనబడితే చాలు, టెన్షన్. ‘ప్రైసెస్ హావ్ రెయిజ్డ్’ తప్పని కీలో ఇచ్చారు, ఎందుకో రాయలేదు. చదివింది తెలుగు మీడియం. బట్టీ పట్టకుండా గుర్తుండే దారి ఉంటే చెప్పండి.

కోచింగ్ మిత్రుడు:
రెయిజ్ తర్వాత ఆబ్జెక్ట్ (కర్మ) ఉండాలి, రైజ్ తర్వాత ఉండదు. పరీక్షకి ఇది చాలు బ్రో.

ఇంగ్లీషు టీచర్, ఖమ్మం:
తమ్ముడూ, ఇక్కడ తెలుగు మీడియమే నీ బలం. ‘ధరలు పెరిగాయి’, ‘ప్రభుత్వం ధరలు పెంచింది’ అంటాం. ‘ధరలు పెంచాయి’ అని నిద్రలో కూడా అనవు. పెరగడం రైజ్, పెంచడం రెయిజ్. కీలో తప్పన్న వాక్యం సరిగ్గా ‘ధరలు పెంచాయి’ లాంటిదే. వేటిని పెంచాయి అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

ఇలాంటి జంటలు ఇంగ్లీషులో ఇంకా ఉన్నాయి. ఫాల్ అంటే పడడం, చెట్టును పడగొట్టడం ఫెల్. సిట్, సెట్ కూడా మొదట్లో కూర్చోవడం, కూర్చోబెట్టడమే. మనకి ఈ తేడా రోజూ నోట్లో ఆడుతుంది. ఇంగ్లీషులో మిగిలినవి కొన్నే, అందుకే లై, లెయ్ దగ్గర ఇంగ్లీషే మాతృభాషైన వాళ్లు కూడా తడబడతారు.

అసలు చిక్కు అక్కడే. లై అంటే పడుకోవడం, లెయ్ అంటే పడుకోబెట్టడం. కానీ లైకి భూతకాలం లెయ్! ‘హి లెయ్ డౌన్ యెస్టర్‌డే’ నూటికి నూరుపాళ్లు కరెక్ట్. పడుకోవడానికి మూడు రూపాలు లై, లెయ్, లెయిన్. పడుకోబెట్టడానికి లెయ్, లెయిడ్, లెయిడ్. అబద్ధమాడే లై వేరు, దాని భూతకాలం లైడ్. కాబట్టి వాక్యం ఏ కాలంలో ఉందో ముందు చూడు.

నెల్లూరు అబ్బాయి:
థాంక్యూ సార్. మరి పుస్తకం బల్ల మీద ఉంది అంటే? పడుకోవడం అనలేం కదా.

ఇంగ్లీషు టీచర్, ఖమ్మం:
మంచి ప్రశ్న. ‘పడి ఉంది’ అనుకో, లైయింగ్ వస్తుంది. పైపులు వేస్తున్నారు, కోడి గుడ్డు పెడుతోంది అంటే మాత్రం లెయింగ్.

డాలస్ నుంచి ఒక అక్క:
ఒక్కమాట. జీతం పెంపుని ఇక్కడ రెయిజ్ అంటారు, బ్రిటన్‌లో పే రైజ్ అంటారు. రెండూ నామవాచకాలే, రెండూ ఒప్పే. పేపర్లో ఏది కనిపించినా తప్పని గుర్తించకు.