బతుకమ్మకు తండా వాళ్ళను పిలవాలంటే ఎవరిని అడగాలి?

కాలనీ కమిటీ, దేవరకొండ:
మా కాలనీకి కిలోమీటరున్నర దూరంలో లంబాడీ తండా ఉంది. మాకు పాలొచ్చేది అక్కడి నుంచే. ఈసారి సద్దుల బతుకమ్మకు వాళ్ళ డ్యాన్సు పెట్టిద్దామని అనుకుంటున్నాం. పోయినేడు వస్తామన్నారు, తీరా టైముకు ఒక్కరూ లేరు. ఎవరిని కలవాలి? ఎంత ఇవ్వాలి?

పాత కాపు:
డబ్బు సంగతి ముందే తేల్చుకోండి. ఆటో కిరాయి, భోజనం వేరే.

తండా టీచరమ్మ:
అన్నా, ‘డ్యాన్సు పెట్టిద్దాం’ అన్నారు చూడండి, అక్కడే వచ్చింది తిప్పలు. నేను తొమ్మిదో క్లాసులో ఉండగా ఒక సభకు మా తండా నుంచి పన్నెండు మందిమి వెళ్ళాం. పదింటికి రమ్మన్నారు. అద్దాలు, బిళ్ళలు కుట్టిన పేటియా, అంటే మా లంగా, కట్టుకుని ఎండలో కూర్చుంటే నడుం లాగేస్తుంది. పెద్దలు వచ్చేసరికి రెండు దాటింది. మా గురువు సేవాలాల్ మహరాజ్ పాట ఎత్తుకున్నామో లేదో, మైకాయన ‘థాంక్యూ, థాంక్యూ’ అనేశాడు. ఆ పాట ఎవరి మీదని ఒక్కరూ అడగలేదు.

ఇంకా ఆషాఢమే కదా, ముందు మీరే శ్రావణంలో తీజ్‌కు రండి. పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తూ పాడతారు. నానబెట్టిన శనగల్ని రేగుముళ్ళకు గుచ్చుతుంటే మగపిల్లలు కొమ్మ పట్టుకుని ఊపేస్తారు. ఒక్క శనగ గుచ్చేలోపు నాలుగు కింద పడతాయి, తిట్లూ నవ్వులూ ఒకటే గోల. ఆఖరి రోజు మొలకల్ని నీళ్ళలో వదిలేటప్పుడు ఆ ఆడపిల్లలే ఏడుస్తారు. మీరు బతుకమ్మను సాగనంపేదీ చెరువుకే కదా! అలా వచ్చి వెళ్తే ఎంగిలిపూల నాటికి ఎవరిని పిలవాలో మీకే తెలుస్తుంది.

తండా పెద్దలైన నాయక్‌కు, కార్‌బారికి ఒక మాట చెప్పండి. కానీ పాడేది ఆడవాళ్ళు, మాట్లాడాల్సింది వాళ్ళతో. స్టేజీ వద్దు. మీ పాటకు వాళ్ళు తిరుగుతారు, వాళ్ళ పాటకు మీరు తిరగండి. మా భాష గోర్‌బోలీ మీకు రాకపోయినా చప్పట్లకు కాలు అదే పడుతుంది. పనులు మానుకుని వస్తారు కాబట్టి కూలికి తగ్గకుండా చేతికివ్వండి. శాలువాలు మాత్రం వద్దు. మా ఇంట్లో తొమ్మిది ఉన్నాయి, చలికాలం దూడలకు కప్పుతున్నాం.

కాలనీ కమిటీ, దేవరకొండ:
మేడమ్, పోయినేడు మేమూ మూడింటికి రమ్మన్నాం. అతిథి వచ్చేసరికి ఏడయింది. చూసి చూసి వెళ్ళిపోయారని మా ఆవిడ ఇప్పుడు చెప్తోంది. తీజ్ ఎప్పుడు?

తండా టీచరమ్మ:
మా దగ్గరైతే రాఖీ దాటాక బుట్టలు పెడతారు. తండా తండాకూ తేదీ మారుతుంది, మీ పాలాయన్ని అడగండి. వచ్చేటప్పుడు వదినను కూడా తీసుకురండి.