సమ్‌టైమా, సమ్‌టైమ్సా? షేక్‌స్పియర్ 18వ సానెట్‌లో ఒక 'స్'

కృష్ణాతీరం: ఇంటర్‌లో చదివిన ఆ సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) పాదం ఒకటి రెండు రోజులుగా వదలడం లేదు. "సమ్‌టైమ్స్ టూ హాట్ ది ఐ ఆఫ్ హెవెన్ షైన్స్" అనే నోటికి వస్తుంది నాకు ('ఐ ఆఫ్ హెవెన్' అంటే సూర్యుడు). నిన్న మా అమ్మాయి పుస్తకంలో చూస్తే 'స్' లేదు. అచ్చుతప్పా? రెండు పాదాలు దాటాక "ఎవ్రీ ఫెయిర్ ఫ్రమ్ ఫెయిర్ సమ్‌టైమ్ డిక్లైన్స్" అని మళ్లీ అదే మాట. రెండుచోట్లా 'ఒక్కోసారి' అనుకోవచ్చా?

పాతపుస్తకం: అచ్చుతప్పు కాదండీ, 1609 నాటి మొదటి ముద్రణలోనే 'స్' లేదు. ఛందస్సు కోసం వదిలేసి ఉంటాడు.

గురులఘువు: ఛందస్సు ఎలా అడ్డొస్తుందండీ? 'స్' ఉన్నా లేకున్నా ఆ మాటకు రెండే సిలబుల్స్, పాదానికి పదే. నాకైతే పక్కనే 'టూ' ఉండటం వల్ల అనిపిస్తుంది. 'మ్స్ ట' అనేటప్పుడు నాలుక ఆగిపోతుంది, పైకి చదివి చూడండి.

పంతులమ్మ: అప్పట్లో ఈ రెండు రూపాలకూ ఇప్పుడున్నంత తేడా లేదు. హామ్లెట్ నాటకంలో రాజు క్లాడియస్ "అవర్ సమ్‌టైమ్ సిస్టర్" అంటాడు, 'ఒకప్పటి' అని అర్థం. దానికి ముందు రంగంలోనే హామ్లెట్ మిత్రుడు హొరేషియో "డిడ్ సమ్‌టైమ్స్ మార్చ్" అంటాడు. 'స్' ఉంది, అర్థం మాత్రం 'ఒకప్పుడు' అనే! అసలు ఆ 'స్' బహువచనమే కాదు, పాత షష్ఠీ విభక్తి. ఆల్వేజ్, వన్స్, ట్వైస్ చివర వినిపించేదీ అదే.

కృష్ణాతీరం: మరి 'డిక్లైన్స్' దగ్గర?

పంతులమ్మ: అక్కడ 'ఎప్పుడో ఒకప్పుడు' అనే నా గట్టి నమ్మకం. ఎండ ఒక్కోసారి మండుతుంది, మళ్లీ చల్లబడుతుంది. కానీ 'ఎవ్రీ ఫెయిర్' అన్నాడు చూడండి. ప్రతి అందమూ వాడిపోవాల్సిందే. 'ఒక్కోసారి' అంటే తర్వాత కోలుకుంటుందన్న ఆశ మిగులుతుంది.

పాతపుస్తకం: ఒకే మాటను రెండు పాదాల తేడాలో రెండు అర్థాల్లో వాడతాడా? నేను ఒప్పుకోలేను.

గురులఘువు: మన సుమతీ శతకం వాడలేదా? "ఎప్పుడు సంపద కలిగిన" అన్నచోట కలిగినప్పుడల్లా అని. "ఎప్పుడు తప్పులు వెదకెడు" అన్నచోట నిత్యమూ అని. రెండుచోట్లా పద్యం మొదటి మాటే. ఇక్కడ మాత్రం ఛందస్సు నిజంగా అడ్డొస్తుంది. 'ఎప్పుడూ' అని దీర్ఘం తీస్తే రగణం (గురువు, లఘువు, గురువు) అవుతుంది, నాలుగు మాత్రల గణాలతో నడిచే కందంలో చెల్లదు.

పాతపుస్తకం: దీర్ఘం మనం ఇప్పుడు పలికే తీరు. గ్రాంథికంలో అది 'ఎప్పుడును' కదా?

గురులఘువు: అలా పెడితే ఈ పాదంలో ఒక మాత్ర ఎక్కువవుతుంది. అందుకే 'ఎప్పుడు' అని ఆపాడు. ఎంత హాయిగా ఆపాడో! తప్పులు వెదికే యజమాని కింద పని చేసినవాళ్లకి ఆ మాటలో 'నిత్యమూ' అన్నది దీర్ఘం లేకుండానే వినిపిస్తుంది.

పాతపుస్తకం: ఆ పద్యానికి పాత టీకాతాత్పర్యాలున్న ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే 'ఎప్పుడు'కు ఏం అర్థం రాశారో ఫొటో పెట్టండి. అది చూశాకే ఒప్పుకుంటాను.